వీథిబడి జమాఖర్చు

శరత్కాలము వచ్చినది. వానలు వెనుకబట్టినవి. ఆకాశము కడిగిన పలకవలె నున్నది. ఆశ్వయుజ శుద్ధ పాడ్యమి మొదలు విజయదశమి వరకు తెలుగు పల్లెలలో పూర్వము ఒక చిన్న సేన బయలుదేరెడిది. ఆ సేనలోని భటులు అయిదేండ్లు మొదలు పండ్రెండేండ్ల వరకు గల బాలురు. వారి చేతులలో వెదురుబద్దలను వంచి రంగుకాగితములు అంటించిన విల్లంబులు. బాణముల కొనలయందు ములుకులకు మారుగా పూలరేకులు, బుక్కాపొడి. తల్లులు తలదువ్వి బొట్టు దిద్ది పంపిన ఆ భటులకు సేనాని ఒక్కడే: ఆ పదినాళ్ళు మాత్రము బెత్తమును ఇంట విడిచి, భుజమున ఉత్తరీయము వేసికొని ముందు నడచెడి బడిపంతులు.

ఈ సేన ఇంటింటి ముందు నిలిచి దసరా పద్యములు చదివెడిది. ఆ పద్యములలో కవిత్వముకంటె లోకజ్ఞత ఎక్కువ. గృహస్థునకు తమపై దయ చాలదని చమత్కారముగా దెప్పుటతో అవి ఆరంభమగును. రేపుమాపులని త్రిప్పవలదని నడుమ ఒక చిన్న మందలింపు. పిమ్మట అసలు కోరిక: పంతులకు అయిదు వరహాలు, పిల్లలకు పప్పుబెల్లములు. చివరకు విజయము కలుగవలెనని దీవెన. పెద్దవాడు నోటితో అడుగలేని మాటను పిల్లవాని గొంతు పాటగా అడిగెడిది. ఇల్లాలు పళ్ళెముతో సెనగపప్పు, బెల్లపుముక్కలు తెచ్చి చిన్న దోసిళ్ళలో పోసెడిది. యజమాని తమలపాకులలో అర్ధణాయో, బేడయో, పావులాయో ఉంచి పంతుల చేతిలో పెట్టెడివాడు. విల్లంబులు వంగెడివి. పూలరేకులు ఇంటివారిపై రాలెడివి. సేన పొరుగింటికి నడచెడిది.

చూచువారికి ఇది వేడుక. పిల్లలకు ఆట. పంతులకు మాత్రము ఇది సంవత్సరపు లెక్క. బడి ఎవరిది, దానిని పోషింపవలసినవా రెవరు, ఇల్లిల్లు అడుగుటలో మర్యాద ఎంత, అవమాన మెంత, ఇవ్వలేని ఇంటి బిడ్డ గతి యేమి - ఈ ప్రశ్నలన్నియు ఆ గుమ్మముల ముందు నిలిచియుండెడివి. విల్లంబులు మూలబడినను ఆ ప్రశ్నలు నేటికిని మూలబడలేదు.

అరుగుమీది ఆదాయము

వీథిబడికి భవనము లేదు. ఒక గృహస్థుని వీథి అరుగో, గుడి మంటపమో, చెట్టునీడయో చాలును. ఇసుకలో వ్రేలితో గుంట ఓనమాలు దిద్దుట, తాటియాకుపై గంటముతో వ్రాయుట, తరువాతి కాలమున పలకయు బలపమును - ఇవియే ఉపకరణములు. కావున ఆ బడికి ఖర్చనగా పంతుల కుటుంబము బ్రతుకుటయే. ఆ ఖర్చునకు జమ ఎక్కడనుండి వచ్చినదో తెలియుటకు రెండువందల యేండ్లనాటి పత్రములు సాక్ష్యమిచ్చుచున్నవి.

1822 జూన్ 25వ తేదీన చెన్నపట్నపు గవర్నరు సర్ థామస్ మన్రో రాజధానిలోని బడుల లెక్కలు తీయవలసినదిగా కలెక్టర్ల కుత్తరువు చేసెను. ఆ నివేదికలన్నియు చేరిన పిమ్మట 1826 మార్చి 10వ తేదీన ఆయన తన అభిప్రాయము వ్రాసెను. అందలి లెక్కనుబట్టి రాజధానిలో కళాశాలలని పిలువబడునవి కూడ కలుపుకొని 12,498 పాఠశాలలు, వానిలో 1,88,650 మంది విద్యార్థులు ఉండిరి. అప్పటి జనసంఖ్య 1,28,50,941. అనగా సుమారు వేయిమందికొక బడి. ఒక్కొక్క విద్యార్థి నెలకు నాలుగు అణాలు మొదలు ఆరు, ఎనిమిది అణాల వరకు ఇచ్చుచుండెననియు, ఉపాధ్యాయుని రాబడి సామాన్యముగా నెలకు ఆరేడు రూపాయలకు మించదనియు మన్రో వ్రాసెను. తగిన యోగ్యత గలవారిని ఆ వృత్తిలోనికి ఆకర్షించుటకు ఈ రాబడి చాలదని కూడ ఆయనయే చెప్పెను.

లెక్కల ఉపాధ్యాయులు ఈ అంకెలను పిల్లలచేత ఒకమారు వేయించి చూడవచ్చును. విద్యార్థుల సంఖ్యను బడుల సంఖ్యచేత భాగించినచో బడికి పదునైదుగురు వత్తురు. తలకు ఆరణాల చొప్పున తొంబది అణాలు. అనగా 5 రూపాయల 10 అణాలు. మన్రో చెప్పిన ఆరేడు రూపాయలకు ఇది దరిదాపు. మొత్తమున పంతుల సంసారము పదునైదు ఇండ్ల మీద నిలిచియున్నది. ఏ రెండిండ్లవారు పిల్లలను మాన్పించినను ఆ నెల ఆయన పొయ్యిలో మంట తగ్గును. వరహా విలువ మూడున్నర రూపాయలు. అయిదు వరహాలనగా పదునేడున్నర రూపాయలు. రెండున్నర నెలల సంపాదన. అంత సొమ్ము ఏ ఒక్క గృహస్థును గుమ్మము ముందు ఇచ్చునని పంతులకును ఆశ లేదు, పాడెడి పిల్లలకును లేదు. అడిగినది వరహాలు, అందినది అణాలు. అయినను ఆ అధికోక్తిలో ఒక సౌజన్య మున్నది. అణా అడిగి అర్ధణా ఇప్పించుకొన్నచో ఇచ్చినవాడు చిన్నబోవును. వరహాలు అడిగిన చోట అర్ధణా ఇచ్చినవాడు నవ్వును, పుచ్చుకొన్నవాడును నవ్వును.

బళ్ళారి కలెక్టరు సాక్ష్యము

ఆ నివేదికలలో బళ్ళారి కలెక్టరు ఏ. డి. క్యాంబెల్ 1823 ఆగస్టు 17వ తేదీన పంపినది మిక్కిలి ప్రసిద్ధము. నేటి అనంతపురపు సీమయు అప్పుడు ఆ జిల్లాలోనిదే. జిల్లాలో 533 బడులు. వానిలో తెలుగు బడులు 226, కన్నడపు బడులు 235. విద్యార్థులు 6,641 మంది. క్యాంబెల్ అంకెలతో ఆగలేదు. బడిలోనికి బాలుడు ప్రవేశించెడి తీరునుకూడ కన్నులకు కట్టినట్లు వ్రాసెను. అయిదవ యేట పిల్లవాని తలిదండ్రులు పంతులను, బడిపిల్లలను తమ యింటికి పిలిచెడివారు. అందరును వినాయకుని ప్రతిమచుట్టు వలయముగా కూర్చుండెడివారు. క్రొత్త విద్యార్థిని స్వామి కెదురుగా కూర్చుండబెట్టి, పంతులు వానిచేత జ్ఞానము ప్రసాదింపుమని ప్రార్థింపజేసి, వాని వ్రేలు పట్టి బియ్యములో దేవుని నామములు వ్రాయించెడివాడు. పిమ్మట తలిదండ్రులు తమ శక్తికొలది ఇచ్చిన కానుక గైకొని మరలెడివాడు.

'శక్తికొలది' అన్న ఈ మాటలోనే వీథిబడి ధర్మమంతయు నున్నది. ధర నిర్ణయింపబడలేదు. అయితే శక్తి అనునది లోకములో సమముగా పంచబడలేదు. ఆ జిల్లాలోని 533 బడులలో ఒక్కదానికైనను ప్రభుత్వపు సహాయము లేదని చెప్పుటకు సిగ్గుపడుచున్నానని ఆ కలెక్టరు వ్రాసికొనెను. విద్య క్షీణించుటకు దేశము క్రమముగా దరిద్రమగుటయే కారణమని ఆయన తేల్చెను. నడిమితరగతివారును, అంతకు దిగువవారును బిడ్డల చదువు ఖర్చు భరింపలేకుండిరి. లేత అవయవములకు ఏపాటి పని చేయు సత్తువ వచ్చినను పిల్లలను పనిలో పెట్టవలసి వచ్చెను. ఏ రాజ్యము తరఫున పన్నులు వసూలు చేయుచుండెనో ఆ రాజ్యముపైనే ఆ యధికారి ఈ నింద మోపెను. 1983లో ధరంపాల్ ఈ పత్రములను గ్రంథముగా వెలువరించిన పిమ్మట దేశమంతటను వీనిపై చర్చ సాగినది.

ఇవ్వలేని ఇల్లు

వీథిబడిని తలచుకొని నిట్టూర్పు విడుచుట సులభము. కాని జమాఖర్చు పుస్తకములో జమ వైపు మాత్రమే చదువుట న్యాయము కాదు.

దసరా సేన ఇల్లిల్లు తిరిగెడిదని చెప్పుదుము. నిజముగా అది ఏ యిండ్లు తిరిగెడిది? బడిలో చోటుగల ఇండ్లు మాత్రమే. ఊరి చివర మాలపల్లెకు, మాదిగపల్లెకు ఆ విల్లంబులు పోలేదు. ఆ పల్లెల పిల్లలు ఈ అరుగు లెక్కలేదు. మన్రో లెక్కలోని 1,88,650 మందిలో బాలికలు 4,540 మంది. నూటికి ముగ్గురైనను లేరు. పప్పుబెల్లములు పళ్ళెమున తెచ్చి పోసిన ఇల్లాలికి ఆ పద్యములు వీనులవిందు గావచ్చును. ఆ పద్యములను వ్రాసి చూపినచో చదువగలిగినవారు ఆమెవంటివారిలో ఎందరు?

లోపలి పిల్లలలోను భేదము కలదు. క్యాంబెల్ నివేదికలో మరియొక ముచ్చట యున్నది. ఉదయము ఆరు గంటలకు బడి. మొదట వచ్చిన బాలుని అరచేత సరస్వతి పేరు వ్రాసెడివారు. రెండవవాని చేత సున్న చుట్టెడివారు. వానికి మెప్పును లేదు, తప్పును లేదు. మూడవవానికి మెల్లగా ఒక దెబ్బ. నాలుగవవానికి రెండు. ఆపైన వచ్చిన ప్రతివానికి ఒక్కొక్క దెబ్బ పెరుగును. కాలనియమము నేర్పుటకు ఇది చక్కని యుపాయమని కొందరనవచ్చును. కాని ఏ పిల్లవాడు చివర వచ్చును? తెల్లవారకమున్నే పశువులకు మేత వేసి, నీరు మోసి, చెల్లెలిని ఎత్తుకొని ఊరడించి వచ్చెడివాడు కదా! ఇంటి బీదతనము వాని అరచేతిమీద లెక్కింపబడెడిది. సరస్వతి పేరు ధరించిన చేయి సామాన్యముగా తీరికగల ఇంటిదే అయియుండును.

పంతులకును ఈ ఏర్పాటులో బాధ లేకపోలేదు. ఇచ్చెడి చేయి పైన, పుచ్చుకొనెడి చేయి క్రింద. అరుగు ఇచ్చిన ఆసామి కుమారుడు ఎక్కములు అప్పగింపనిచో వానిని మందలించుటకు గుండె కావలెను. నాలుగణాలు ఇచ్చెడి ఇంటివాడు పెద్దబాలశిక్షయు, కూడికలు తీసివేతలును వచ్చిన చాలునన్నచో, ఆపైన చెప్పుటకు పంతులకు అవకాశ మెక్కడిది? పిల్లలు వేలకొలది పద్యములు వల్లించుచున్నను అర్థము తెలియక చిలుకలవలె పలుకుచున్నారని క్యాంబెల్ చేసిన విమర్శకు పంతుల అజ్ఞానమొక్కటే కాదు, ఆయన ఆకలియు కారణమే.

గుమ్మమునుండి ఖజానాకు

దీనికి మందు ఖజానాలోనే యున్నదని మన్రో గ్రహించెను. తాలూకాకొక తహశీలుదారీ బడి పెట్టి, పంతులకు నెలకు తొమ్మిది రూపాయల జీతమియ్యవలెనని ఆయన ప్రతిపాదించెను. అంతే మొత్తము పిల్లలవలననుకూడ వచ్చునని లెక్కవేసి, అప్పుడు ఆ పంతుల స్థితి స్కాట్లండు దేశపు గ్రామ పాఠశాలోపాధ్యాయుని స్థితికంటె మెరుగుగా నుండునని వ్రాసెను. సగము ప్రభుత్వమును సగము కుటుంబమును అను ఈ ఊహ చేసిన మరుసటియేడే, 1827 జూలై 6న, పత్తికొండలో విషూచి సోకి ఆయన మరణించెను.

తరువాతి కథ నెమ్మదిగా నడచినది. 1854లో వుడ్ పంపిన విద్యాపత్రము వలన బడులకు సహాయద్రవ్య మిచ్చు పద్ధతి ఏర్పడెను. 1920లో మద్రాసు ప్రాథమిక విద్యాశాసనము స్థానిక సంస్థలకు విద్యాపన్ను విధించు అధికారమిచ్చెను. ఇది పైకి శుష్కమైన శాసనవిషయము. తరచి చూచినచో పెద్ద మార్పు. దసరానాడు తమలపాకులలో ఉంచి ఇచ్చిన బేడ ఇప్పుడు రసీదు గల పన్నైనది. ఇచ్చినవాని ముఖము పంతులకు తెలియదు; ఇయ్యనివాని బిడ్డను పంతులు వేరుగా చూడనక్కరలేదు. నిజాము రాజ్యమున కథ వేరు. అచ్చట తెలుగు చదువు ఎక్కువగా ఊరివారు పోషించుకొన్న ఖాన్గీ బడులలో నిలిచెను. 1920లలో ప్రభుత్వపు ముందనుమతి లేనిదే అట్టి బడి తెరువరాదన్న నిబంధన వచ్చెను. ఊరివారు చందా వేసికొనియైనను బడి పెట్టుకొను స్వేచ్ఛకొరకు ఆంధ్రమహాసభ గొంతెత్తవలసి వచ్చెను. పోషింపని ప్రభుత్వము ఒకచోట, పోషించుకొనుటకు అడ్డుపడిన ప్రభుత్వము వేరొకచోట!

1950లో అమలులోనికి వచ్చిన రాజ్యాంగము పదునాలుగేండ్ల లోపు బాలబాలికలకు ఉచిత నిర్బంధ విద్యను పదేండ్లలో సమకూర్ప యత్నింపవలెనని 45వ అధికరణమున ఆదేశించెను. ఆ ఆదేశము హక్కుగా మారుటకు 2002లో 86వ సవరణ కావలసి వచ్చెను. 2009లో చేయబడిన విద్యాహక్కు చట్టము 2010 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చెను. ప్రాథమిక విద్య పూర్తిచేయుటకు అడ్డమగు ఏ రుసుమును బిడ్డ చెల్లింపనక్కరలేదని ఆ చట్టము చెప్పుచున్నది.

అంతటితో ఇంటికిని బడికిని గల డబ్బు సంబంధము తెగిపోయినదా? తెగలేదు, త్రోవ మారినది. 2020 జనవరి 9న ఆంధ్రప్రదేశములో ఆరంభమైన అమ్మఒడి పథకమున బిడ్డను బడికి పంపు పేదతల్లికి సంవత్సరమునకు 15,000 రూపాయలు ప్రభుత్వమే ఇచ్చెను. 2022 నాటికి అందులో 2,000 రూపాయలు బడి నిర్వహణకును, మరుగుదొడ్ల శుభ్రతకును మినహాయింపబడినవి. 2025లో తల్లికి వందనము అను పేరిట ఇచ్చినప్పుడును 2,000 రూపాయల మినహాయింపు నిలిచినది. పథకముల మంచిచెడ్డలు ఏమైనను చరిత్ర విద్యార్థికి ఒక విశేషము తోచును. 1823లో డబ్బు ఇంటినుండి బడికి నడచెను. ఇప్పుడు ఖజానానుండి ఇంటి పేరిట బయలుదేరి, అందులో కొంత బడికి మరలుచున్నది. బడి ఖర్చులో తల్లి పేరు ఏదో యొక విధముగా ఉండితీరుచున్నది.

అడుగుటలోని మర్యాద

ప్రభుత్వము జీతమిచ్చినను, గది కట్టినను, బడికి చిన్నచిన్న కొరతలు తీరవు. గ్రంథాలయమునకు బీరువా లేదు, త్రాగునీటి కుళాయి పాడైనది, గోడ పడినది. ఊరివారిని, పూర్వవిద్యార్థులను అడుగక తప్పని దినములు ప్రతి ప్రధానోపాధ్యాయునకు వచ్చును. అడుగుట నేరమా? కాదు. ఎట్లు అడుగవలెనో దసరా పంతులు కొంత నేర్పిపోయెను; ఎట్లు అడుగరాదో కూడ ఆయన కథయే నేర్పును.

ఆయన చాటుగా అడుగలేదు. ఊరందరి యెదుట, ఒకే ఋతువులో, ఒకే పాటతో అడిగెను. పిల్లలు గుక్కతిప్పుకొనక పద్యములు చదువుచుండగా ఊరు విన్నది. అడుగుటకు ముందు తన యేడాది పనిని ఆయన ఊరిముందు పెట్టినట్లయ్యెను. నేడు విరాళము కోరెడి బడియు ముందు తన పిల్లలచేత ఒక పాఠము చదివించి, ఒక లెక్క చేయించి చూపినచో అంతకు మించిన విన్నపపత్రము లేదు. పంతులు తాను పుచ్చుకొనుటతోపాటు పిల్లల దోసిళ్ళనుకూడ నింపించెను. వచ్చిన దానిలో పిల్లల భాగము అక్కడికక్కడ, అందరి కన్నుల యెదుట కనబడెను. విరాళము దేనికి వ్యయమైనదో ఇచ్చినవాడు చూడగలుగుటయే ఉత్తమమైన రసీదు.

ఆయన నుండి నేర్చుకొనరాని దొకటి కలదు. ఏ యిల్లు ఎంత ఇచ్చినదో పిల్లలందరును చూచిరి. పావులా ఇచ్చిన ఇంటి బిడ్డ ముందువరుసలో నిక్కి నడచెను. ఏమియు రాని గుడిసెముందు ఆ గుడిసె బిడ్డయే విల్లు దించి నేల చూచెను. ఈ యొక్క క్షణమును తప్పించుటకే రుసుము, పన్ను, రాజ్యాంగము, చట్టము అన్నియు పుట్టినవని చెప్పినను తప్పులేదు. కావున బడికి ఎవరు ఎంత ఇచ్చినను ఆ పద్దు పెద్దల పుస్తకములో ఉండవలెను. తరగతి గదిలో చదువబడరాదు. ఇవ్వలేనివాడు పనిరూపమున ఇయ్యవచ్చును. ఒకనాటి తాపీపని, బల్లకు కొట్టిన రెండు మేకులు, నాటి నీరుపోసిన వేపమొక్క - వీనిని జమ వ్రాయుటకు ఒక గడి యున్నచో ఊరిలో ఇవ్వలేని ఇల్లుండదు.

ఆ పుస్తకము ఎవరిచేతిలో ఉండవలెనో నేటి చట్టమే చెప్పుచున్నది. ప్రభుత్వ పాఠశాల యాజమాన్య సంఘమున నాలుగింట మూడుపాళ్ళు పిల్లల తలిదండ్రులో సంరక్షకులో ఉండవలెను. సభ్యులలో సగము స్త్రీలు. ప్రభుత్వమునుండియేగాక ఏ యితర మార్గమున వచ్చిన నిధుల వినియోగమునైనను పరిశీలించుట ఆ సంఘము విధి. నూటికి ముగ్గురు బాలికలైనను లేని ఆ 1826 నాటి లెక్కను దీని ప్రక్కన పెట్టి చూడవలెను. ఆనాడు అరుగెక్కని బాలికల వంశములోని తల్లులు, విల్లంబులు పోని పల్లెల తల్లులు ఈనాడు బడి జమాఖర్చు అడిగి చెప్పించుకొనుటకు హక్కు గలవారు. ఆ హక్కు కాగితముపై సంతకముగా మిగులక, నెలకొకమారు పద్దులు బిగ్గరగా చదివెడి సమావేశముగా మారవలెను. అట్లు చదువబడిన పుస్తకముగల బడికి విరాళము కోరుటకు తలవంచుకొన బనిలేదు.

నేడు ఆ వెదురు విల్లంబులు కొన్ని పాఠశాలలలో దసరా వేడుకలనాడు మాత్రము కనబడుచున్నవి. వానిని కట్టించి, ఆ పద్యములను నేర్పెడి ఉపాధ్యాయుడు ఒక చిన్న సంగతి పిల్లలకు చెప్పవచ్చును. ఆ పద్యములు దీవెనతో ముగియును. ఇంటివారు లోపలికి పోయి కానుక తెచ్చుటకు ముందే ఆ దీవెన పూర్తియగును. పావులా ఇచ్చిన మేడకును, ఏమియు ఇవ్వలేని గుడిసెకును పిల్లలు కోరిన విజయము ఒక్కటే. పంతుల లెక్కలో భేదమున్నను పిల్లల పాటలో భేదము లేదు.